బోణీ కొలత

వీరభద్రం ఇంట్లో తెల్లవారితే యుద్ధమే. తల్లికీ పెళ్ళానికీ కుళాయి దగ్గర మొదలవుతుంది, కూరలో తిరగమోత దగ్గర ముదురుతుంది, మధ్యాహ్నం సీరియల్ వచ్చే వేళకి సంధి కుదురుతుంది. మా పక్కవాటావాళ్ళకి గడియారంతో పనే లేదని అతనే చెప్పుకుని నవ్వుతుంటాడు. అలాంటి తన ఇంటి గోడకి పలక ఆనించి చూస్తే అంకె సున్నా కిందకి దిగిపోయిందని చెబుతూ ఆ సోమవారం పొద్దున్న ప్రయోగశాలలోకి వచ్చాడు.

“మేడం, మన కొత్త పలక ఉత్త దండగమారిది. మా ఇంట్లో అరుపులకి అది పగిలిపోవాలి. ఇదేమో పాతాళంలోకి పోయింది. మా అమ్మ చూసి ఏటందో తెలుసా? ‘మనకే కాదురా, మన గోడకి కూడా సిగ్గులేదు’ అంది.”

అందరూ నవ్వారు. పలక కనిపెట్టిన హైమ కూడా నవ్వబోయి ఆగింది.

“సున్నా కింద అంకె ఎలా చూపించింది? చూపించకూడదు కదా.”

“పాత పలకల్లో చూపించదు మేడం. సున్నా కింద ఏది వచ్చినా యంత్రం తడబాటే, సున్నా అనే చూపించమని మీరే రాయించారు కదా. కొత్తదాంట్లో ఆ ప్రోగ్రాం ఇంకా ఎక్కించలేదు.”

గోడలకి చెవులుంటాయని సామెత. హైమవతి వాటికి నోరు కూడా ఇచ్చింది. భయపడిన మనిషి ఒంటి నుంచి ఒకరకం ఆవిరి వస్తుంది. మామూలు చెమటలా అది ఆరిపోదు, గోడ సున్నంలోకి ఇంకిపోయి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మీద ఎన్ని రంగులు వేసినా పోదు. అరచేయంత పలకని గోడకి ఆనించి కాసేపు ఉంచితే, ఆ గోడ ఎంత భయం తాగిందో అంకెలో చెప్పేస్తుంది. దెబ్బలు మానిపోతాయి, సాక్షులు ప్లేటు ఫిరాయిస్తారు, అత్తమామలు కాళ్ళావేళ్ళా పడి ఫిర్యాదు వెనక్కి తీయిస్తారు. గోడ మాత్రం మాట మార్చదు.

ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళకి ఇంటద్దె, లాయరు, వైద్యం, పిల్లల చదువు చూసే ఆలంబన నిధి వారికి ఇంతకన్నా కావలసింది ఏముంది? అంతవరకూ ఒక్కో ఆడమనిషి తన కథ పది బల్లల ముందు పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది. ఒకచోట ఒక ముక్క తేడా వస్తే అబద్ధం అనేవారు. ఆ బాధ తప్పించాలనే హైమ పలక చేసింది, అందులో కపటం ఏమీ లేదు. నిధి వారు శాలువా కప్పారు. అంకె గీత దాటితే డబ్బు, దాటకపోతే లేదు అని నియమం పెట్టేశారు. తలదాచుకునే ఇళ్ళకి ఇచ్చే నిధులు కూడా, వాటికి వచ్చేవాళ్ళ అంకెలను బట్టే ఇస్తున్నారు. పని సులువైపోయింది. పని మరీ సులువైపోతే అనుమానించాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు గానీ, శాలువా కప్పుకున్నప్పుడు ఎవరికి గుర్తొస్తుంది?

“ఆ ప్రోగ్రాం తీసేసి పాత కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా చూపించు,” అంది హైమ.

తెర మీద చుక్కలు పడ్డాయి. ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు. మొదట్లో పలకని పరీక్షించడానికి మంచి ఇళ్ళని పేరున్న ఇళ్ళు వెతికి మరీ కొలిచారు. హైమ మేనమామ ఇల్లు, ఆమెకి చదువు చెప్పిన మాస్టారి ఇల్లు, తోటివాళ్ళ ఇళ్ళు. అన్నింటికీ సున్నా వస్తే, చూశారా, పలక ఎంత నిజం చెబుతోందో అని స్వీట్లు పంచుకున్నారు. ఇప్పుడా చుక్కలన్నీ సున్నాకి ఎంతో కింద, వీరభద్రం ఇంటి పక్కన గుంపుగా కూర్చున్నాయి. వాటికి పైన, సున్నాకి కాస్త కింద, దట్టంగా చీమల బారులా ఇంకో గుంపు ఉంది.

“ఈ పైగుంపు ఎవరు?”

వీరభద్రం గొంతు తగ్గించాడు. “నిధి వారు కాదన్నవాళ్ళు మేడం. ఏమీ లేదని మనం రాసిచ్చినవాళ్ళు.”

హైమ కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది.

“ఇళ్ళన్నీ కింద లేవు మేడం,” అన్నాడు అతను మెల్లగా. “మన సున్నాయే ఎక్కడో పైన కూర్చుంది. ఇంతకీ ఆ సున్నా ఎవరింట్లో పెట్టారు?”

హైమ తెర ఆపేసింది.

ఏ పనికైనా బోణీ మంచి చేత్తో పడాలని హైమ తల్లికి పట్టింపు. ఆ ఇంట్లో మంచి చెయ్యి అంటే పెద్దకూతురు కనకమహాలక్ష్మిదే. కనకం చేతి మీదుగా తీసుకున్న విత్తనం మొలకెత్తకుండా ఉండదనేది ఆవిడ. హైమ పరీక్షలకి వెళ్ళినా, ఉద్యోగంలో చేరినా అక్క చేతి రూపాయి జేబులో ఉండాల్సిందే. దానికి తోడు కనకం కాపురం. విజయనగరంలో లెక్కల లెక్చరరైన ఆమె భర్త జగన్నాథం గొంతు పెంచి మాట్లాడగా చూసిన వాళ్ళు లేరు. ఆ ఇంట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా వినపడదు. కాపురం అంటే అదే, చూసి నేర్చుకోండి అని తల్లి బంధువులందరికీ చెప్పేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి, పలక తయారైన రోజు హైమ దాన్ని పట్టుకుని సరాసరి అక్క ఇంటికే వెళ్ళింది. కొలతకి మొదటి మెట్టుగా, భయం లేని ఇంటికి గుర్తుగా, అక్క ఇంటినే సున్నాగా పెట్టాలనుకుంది. శాస్త్రం చదివిన మనిషే. కానీ బోణీ బోణీయే కదా.

ఆ రోజు హైమకి కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ముందుగదిలో వాలుకుర్చీలో బావ పేపరు చదువుకుంటున్నాడు. తల్లి, మేనమామ నిలబడి చూస్తున్నారు. “ఎక్కడ పెట్టమంటావక్కా?” అని హైమ అడిగితే, కనకం వంటింటికి వెళ్ళే నడవలో గోడ చూపించింది. భుజాల ఎత్తున గోడ మీద ఒకచోట నూనె రాసినట్టు నున్నగా ఉంది. “ఇక్కడ పెట్టవే, బాగా అతుకుతాది,” అంది. నిజంగానే బాగా అతుక్కుంది. పలక పనిచేస్తున్నంతసేపూ కనకం పసుపు చేతులతో రెప్ప వేయకుండా చూసింది.

హైమ మీట నొక్కి గట్టిగా అరిచింది. “ఇదే సున్నా! అక్కా, ఇకమీదట లోకానికంతటికీ నీ ఇల్లే కొలత!”

అందరూ చప్పట్లు కొట్టారు. జగన్నాథం పేపరు మీంచి చూసి, “మాకు గౌరవం,” అన్నాడు. కనకం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటికి పాయసం తెచ్చింది. అందులో బెల్లం లేదు. శాస్త్రజ్ఞురాలి అక్కకి సంతోషంలో చెయ్యాడలేదని అందరూ ఆటపట్టించారు. “పర్లేదు, తినండి,” అన్నాడు జగన్నాథం ఎప్పటిలాగే మెత్తగా. అందరూ తిన్నారు.

ఆ సోమవారం గడిచి మంగళవారం నాడు హైమ భీమిలి రోడ్డులో ఉన్న చలివేంద్రానికి వెళ్ళింది. ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళకి అక్కడ ఇన్ని మంచినీళ్ళు, ఇంత అన్నం, నిద్రపోవడానికి ఇంత చోటు దొరుకుతాయి. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం మానేసి మేరీరత్నం దాన్ని నడుపుతోంది. ఇంతకుముందు హైమ అక్కడికి అతిథిగా వస్తే గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. ఈసారి పెద్దగదిలో పరుపులు సగం చుట్టేసి గోడవారగా పెట్టి ఉన్నాయి.

“శుక్రవారం నిధి వారి సమావేశం,” అంది మేరీరత్నం, కుర్చీ చూపించి. “మా దగ్గరికొచ్చేవాళ్ళకి సగానికి సగం సున్నాలే వస్తున్నాయట. అంచేత మేం దొంగ ఏడుపులవాళ్ళని చేర్చుకుంటున్నామట. ఇప్పటికే సగం పరుపులు చుట్టించేశారు. శుక్రవారంతో మొత్తం మూసేస్తారు. నువ్వు చెబితే ఏమన్నా వింటారేమో అనుకున్నా గాని, నీ పలక మీద నీకే ఫిర్యాదు ఎలా చెయ్యనమ్మా?”

హైమ ఉన్నదంతా చెప్పింది, ఆ ఇల్లు ఎవరిదన్న ఒక్క మాట తప్ప. మేరీరత్నం అరవలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“చోటు చాలక వెనక్కి పంపేశామమ్మా కొందరిని. మళ్ళీ వచ్చినవాళ్ళు కొందరున్నారు. రానివాళ్ళ సంగతి నాకు తెలీదు. పద, వచ్చిన మనిషిని చూద్దువుగాని.”

పెరట్లో నీడన నూకరత్నం చింతపండు పిక్కలు తీస్తోంది. పూడిమడక దగ్గర చేపలు పట్టే పల్లెకారుల పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. పిలిస్తే పలకలేదు. మేరీరత్నం కుడివైపుకి వెళ్ళి భుజం తట్టాక తల ఎత్తింది.

“మీరేనా అమ్మా ఆ పలక సేసినోరు? సిన్నగా, ముద్దుగా ఉంటాది.” కూర్చోమని పక్కన పీట జరిపింది. “మా ఇంటికొచ్చి గోడకెట్టి సూసినారు. ఏటీ నేదన్నారు. నాకూ అనుమానమొచ్చింది. ఇంత సదువుకున్నోల్లు సేసిన మిసను ఏటీ నేదంతే, నిజంగా ఏటీ నేదేమో, నానే పెద్దది సేసుకుంతన్నానేమో అనుకున్నాను. తిరిగెల్లిపోనాను. ఆడు కొట్టినప్పుడల్లా ఇది దెబ్బ కాదు, ఇది దెబ్బ కాదు అనుకునీదాన్ని.” ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుంది. “ఇది మాత్తరం దెబ్బేనని డాకటరు సెప్పినారు. ఈ సెవి ఇంక పలకదంట.”

“పలక తప్పు చెప్పింది నూకరత్నం,” అంది హైమ. “తప్పు నాది. మీ గోడలో ఉంది. చాలా ఉంది.”

నూకరత్నం చేతిలో చింతపండు పట్టుకుని ఆలోచించింది.

“అయితే మా గోడ సరిగ్గానే సెప్పిందన్నమాట,” అంది. మళ్ళీ పిక్క తీసి పళ్ళెంలో వేసింది. “ఆ మాట ఆరోజే సెప్పుంతే బాగుండును.”

అంతే. తిట్టలేదు, శపించలేదు. తిట్టినా బాగుండునని హైమకి అనిపించింది. తిడితే కొంత బాకీ తీరినట్టుంటుంది. ఆ పిల్ల పిక్కలు తీసుకుంటూ ఉండిపోయింది, హైమ ఆ పీట మీద కూర్చుని ఆ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది.

గేటు దాకా వచ్చి మేరీరత్నం అంది. “శుక్రవారం వచ్చి చెబుతావు, సరే. రుజువు చూపించమంటారు. ఆ మొదటి ఇల్లేదో చూపించు, అందరి ముందూ మళ్ళీ కొలువు అంటారు. ఎవరింట్లో పెట్టావమ్మా సున్నా?”

“మా అక్క ఇంట్లో.”

మేరీరత్నం హైమ చెయ్యి పట్టుకుంది. “చలివేంద్రంలో మాదొకటే కట్టుబాటు. ఆమె నోటితో ఆమె చెప్పేదాకా ఆమె సంగతి ఇంకొకరు చెప్పకూడదు. మా తలుపులు మూసేసుకోవాల్సి వచ్చినా సరే. ముందు వెళ్ళి అడుగు. వద్దంటే వద్దు.”

అడగడమంటే ఏమిటో హైమకి మర్నాడు అక్క ఇంటికి వెళ్ళే దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. అక్క వద్దంటే శుక్రవారం తలుపులు మూతపడతాయి, పైగుంపులో ఉన్న ఒక్కో చుక్కా ఒక్కో ఇంట్లోకి వెనక్కి నడుస్తుంది. అక్క సరేనంటే, ఆ సరే అన్న క్షణం నుంచి ఆ ఇంట్లో ఆమె ఎలా బతకాలి? వీరభద్రం ఇంటి గోడని సున్నాగా పెట్టి సరిచేసిన పలక సంచిలో ఉంది. ఆ పని చేయనిస్తూ అతని తల్లి, “మా కొంప కొలతకి పనికొచ్చిందా? మా కోడలితో చెప్పకు, నెత్తికెక్కుద్ది,” అంది. హైమకి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

విజయనగరం వెళ్ళేసరికి పొద్దున్న పది దాటింది. ముందుగదిలో అదే వాలుకుర్చీ, అదే పేపరు. జగన్నాథం రిటైరయ్యాక రోజంతా అక్కడే ఉంటున్నాడు.

“రా హైమా,” అన్నాడు మెత్తగా. “మీ అక్క లోపలుంది.”

ఆ కుర్చీలోంచి చూస్తే నడవలో గోడ నేరుగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్న హైమ ఆ సంగతి మొదటిసారి గమనించింది.

కనకం పప్పు ఎనుపుతోంది. చెల్లెల్ని చూసి నవ్వి, సంచి వైపు చూసి నవ్వు ఆపేసింది.

“పలక తెచ్చావా?”

“అక్కా, ఆ గోడ ఎందుకంత నున్నగా ఉంది?”

కనకం పొయ్యి తగ్గించింది. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. ఎవరో టీ పెట్టమన్నట్టు మామూలుగా చెప్పింది. “నిలబడతాను కదే అక్కడ. ఆయనకి కోపమొస్తే వీపు గోడకి ఆనించి నిలబడాలి. పేపరు అయ్యేదాకా. ఒక్కోరోజు పేపరు అవ్వదు. కదిలితే…” అని కుడిచేతి వేళ్ళు చాపింది. చిటికెనవేలు, దాని పక్క వేలు వంకరగా ఉన్నాయి. కీళ్ళవాతమని హైమ కిందటేడు నూనె కూడా కొనిచ్చింది. “అరవరు. ఆయన ఎప్పుడూ అరవరు.”

“నాతో ఎందుకు చెప్పలేదక్కా?”

అడిగిన మరుక్షణం ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది హైమకి.

“చెప్పాను కదే,” అంది కనకం ఆశ్చర్యంగా. “నువ్వు పలక తెస్తానంటే ఆయన వద్దన్నారు. బతిమాలి ఒప్పించాను, దానికి వేరేగా నిలబడ్డాను. ఎక్కడ పెట్టమంటావని నువ్వడిగితే ఆ గోడ చూపించింది నేనే. ఇంక నా నోటితో చెప్పక్కర్లేదు, అమ్మ ముందూ మావయ్య ముందూ గోడే చెప్పేస్తాది అనుకున్నాను. ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డానే. నువ్వు చూశావు. చూసి, సున్నా అన్నావు.”

హైమ వంటింటి గట్టు పట్టుకుంది. చెల్లెలు కనిపెట్టిన పలక, చెల్లెలు నొక్కిన మీట, చెల్లెలు కొట్టించిన చప్పట్లు. పోలీసు కాదనడం వేరు, నిధి వారు కాదనడం వేరు. తన మీద నమ్మకంతో ఒక మనిషి బతుకంతా గోడకి అప్పగించి నిలబడితే, తను దాన్ని ఏమీ లేనిదానికి గుర్తుగా పెట్టి లోకమంతా పంచిపెట్టింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

“ఊరుకో, ఆయనకి వినపడతాది,” అంది కనకం అలవాటుగా. తర్వాత తనే, “ఎందుకొచ్చావో చెప్పు,” అంది.

హైమ చెప్పింది. పైగుంపు గురించి, చుట్టేసిన పరుపుల గురించి, నూకరత్నం చెవి గురించి. శుక్రవారం ఈ ఇంటి పేరు చెప్పాల్సి వస్తుందని, నువ్వు వద్దంటే చెప్పనని.

“వాళ్ళందరూ నా గోడ వల్ల వెనక్కిపోయారా?”

“నీ గోడ వల్ల కాదక్కా. నా వల్ల.”

కనకం వంకరవేళ్ళతో కొంగు అంచు మడత పెట్టింది, విప్పింది. ముందుగదిలో పేపరు తిప్పిన చప్పుడైంది. ఆ చప్పుడుకి ఆమె భుజాలు వాటంతటవే బిగుసుకోవడం హైమ చూసింది.

“చలివేంద్రంలో పరుపు చుట్టేశారన్నావు కదా,” అంది కనకం చివరికి. “నాకోసం ఒకటి విప్పుతారా?”

“విప్పుతారక్కా.”

“అయితే కొలువు. బోణీ నాతోనే చేశావు. నిజం చెప్పడం కూడా నా పేరుతోనే మొదలెట్టు.”

ఇద్దరూ నడవలోకి వచ్చారు. హైమ పలకని ఆ నున్నటి చోట ఆనించింది. ఎప్పటిలాగే బాగా అతుక్కుంది. తెర మీద అంకె కదిలింది. నిధి వారి గీత దాటింది. దాటి ఇంకా పెరుగుతూ పోయింది. ఆగుతుందేమోనని హైమ చూస్తూ ఉంది.

“ఏంటి హైమా, మళ్ళీ కొలుస్తున్నావా?” అన్నాడు జగన్నాథం, పేపరు దించకుండా. “ఎంతొచ్చింది? సున్నాయేనా?”

“పైకి చదవవే,” అంది కనకం.

హైమ చదివింది. అంకె ముందుగది దాకా మాత్రమే వెళ్ళింది. ముందుగదిలో పేపరు మెల్లగా కిందకి దిగింది.

“కనకం,” అన్నాడు జగన్నాథం, అంతే మెత్తగా. “గోడకి నిలబడు.”

కనకం వెనక్కి జరగలేదు. చెల్లెలి పక్కన, గోడకి వీపు ఆనించకుండా నిలబడింది.

“నాకు సరిగ్గా వినపడలేదు,” అంది. “ఇంకా గట్టిగా చదువు.”

ఆ రోజు చప్పట్ల మధ్య చదవాల్సిన అంకెని హైమ ఇప్పుడు వీధి దాకా వినపడేలా చదివింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎంత గట్టిగా చదివినా అది నూకరత్నం ఎడమ చెవికి వినపడదని ఆమెకి తెలుసు. అయినా ఇంకోసారి చదివింది.